మడతలో ఉన్న ప్రశ్న

ప్రశ్న నేను ఇప్పుడే చదివాను. జవాబు పొద్దునే తీసేశాను.

అమ్మాన్‌లో, రంజాన్ మిఠాయి కతాయెఫ్ అమ్మే కొట్టు ముందు, నాకన్నా ముందర పంతొమ్మిది మంది, నా వెనక ఎంతమందో తెలీదు, మగ్రిబ్ అజాన్‌కి ఇంకా ముప్పై ఏడు నిమిషాలు. పెనం మీద పిండి పడుతున్న చప్పుడు, చప్ చప్ చప్, ఒక్కొక్క అట్టు అరచేతి అంత, మీద బుడగలు లేస్తాయి, ఒకవైపే కాలుస్తారు. ఉపవాసం ఉన్న మనిషి ఆ వాసన దగ్గర గంట నిలబడటం కూడా ఒక ఆరాధనే అని మా ఆయన అంటాడు, ఆయన మాత్రం ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని అంటాడు. చేతిలో ఫోన్ మోగింది, మోగడం కాదు, చిన్న టిక్కుమనే శబ్దం, జనం ప్రశ్నలడిగి జవాబులు తీసుకునే మా సైట్ నుంచి, ఎప్పటిలా అరగంట ఆలస్యంగా. మీరు సర్దిన జవాబును ప్రశ్న అడిగినవారు అంగీకరించారు. సంతోషమే కలిగింది, అబద్ధం చెప్పను. ఏడేళ్ళుగా జీతం లేకుండా జవాబులు ఏరే ఈ కాపలా పనిలో మాకు దొరికేది ఈ టిక్కే. ఏ జవాబో చూద్దామని నొక్కాను. ఎప్పుడూ నొక్కను. కాపలా వరసలో మాకు జవాబు మాత్రమే కనిపిస్తుంది, ప్రశ్న పైన సన్నటి గీత కింద మడిచి ఉంటుంది, కావాలంటే నొక్కి తెరవచ్చు. నలభై జవాబులు పన్నెండు నిమిషాల్లో తేల్చేవాళ్ళు ఎవరూ నొక్కరు. నేను అసలు నొక్కను. ఈ వరసని సున్నాకి తెచ్చి పొయ్యి దగ్గరికి పోవడం నా రోజువారీ గర్వం.

అడిగినావిడ పేరు ఫిద్దా అని ఉంది, అసలు పేరో కాదో. ఇలా రాసింది: మేడ మీద ఒంటి గది, అమ్మ, నేను, చెల్లి. నాలుగు రోజులుగా సాయంత్రం గ్యాస్ సోబా వెలిగించిన గంటకి అమ్మకి తలనొప్పి, వాంతి. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. చెల్లి లేపినా లేవట్లేదు. పొద్దున బయటికి వెళ్తే అందరికీ తగ్గిపోతోంది. ఉపవాసం వల్లేనా? అంతే ప్రశ్న. నాలుగైదు వాక్యాలు, నేను తెరవని మడతలో. ఇంటింటా చలికాలంలో ప్రతి పిల్లకీ నేర్పే సంగతి, గది వెచ్చబెట్టే సోబా మూసిన గదిలో గాలిని విషం చేస్తుందని, కిటికీ నాలుగు వేళ్ళు తీసి ఉంచాలని, మా ఆయన అయితే దాన్ని బాల్కనీలో వెలిగించి, మంట నీలంగా మారి వాసన పోయేదాకా అక్కడే నిలబడి, అప్పుడు లోపలికి తోసుకొస్తాడు, నేను చలి చలి అని తిట్టుకుంటూ ఆ కిటికీ మూసేస్తాను, ఆయన లేచి మళ్ళీ తీస్తాడు, ముప్పై ఒక్క సంవత్సరాల కాపురంలో మా పోట్లాటల్లో సగం ఆ నాలుగు వేళ్ళ గురించే. ఈ ప్రశ్న చదివి ఉంటే నేను ఒక్క క్షణం ఆలోచించేదాన్ని కాదు.

పొద్దున తీసేసిన జవాబు గుర్తుంది. ఎందుకు గుర్తుండదు. రాసింది సభ్యుడై ఒక్క రోజైన మనిషి, పేరు ఫవ్వాజ్, తన గురించి రాసుకునే చోట గ్యాస్ బండి అని ఒక్క ముక్క. సోబా ఆర్పండి. కిటికీ తీయండి. అందరూ బయటికి రండి. మూడు చిన్న వాక్యాలు, కారణం లేదు, వివరణ లేదు, ఎక్కడినుంచి తెలుసుకున్నాడో లేదు. ప్రశ్న కనబడకుండా చదివితే అది ఎవరో గది బయట నిలబడి అరిచినట్టు ఉంటుంది. నాసిరకం అనే బొత్తాం నొక్కాను. నాకన్నా ముందే ఇద్దరు నొక్కారు, నాది మూడోది, మూడు పడితే జవాబు పోతుంది. పోతూ పోతూ దాని కింద నా పేరుతో ఒక వాక్యం అంటుకుంటుంది, దాన్ని రాసింది కూడా నేనే, ఐదేళ్ళ కిందట, అందరం అదే వాడతాం. ఇది జవాబు కాదు, దయచేసి వివరంగా రాయండి. రోజంతా సిలిండర్లు మోసే మనిషి మెట్ల మీద ఆగి ఫోన్‌లో వేలితో కొట్టి ఉంటాడు. వివరంగా రాయమన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

రుసైఫా బళ్ళో ఇరవై ఆరేళ్ళు భూగోళం చెప్పాను. తూర్పు పల్లెల నుంచి జనం ఎందుకు వలస పోతున్నారు, పది మార్కులు. షురూక్ అని ఒక పిల్ల, చెవుల దాకా లాగిన ఊలు టోపీ, రాసింది: నీళ్ళు లేవు కాబట్టి. పదికి ఒకటి వేశాను. అది అక్కడినుంచే వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్న నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. టీచర్, తప్పా అని అడిగింది. తప్పు కాదమ్మా, పొట్టిగా ఉంది అన్నాను. పక్కపిల్ల రెండు పేజీలు రాసింది, వాతావరణం, ఆర్థిక పరిస్థితులు, శీర్షికల కింద ఎర్ర గీతలు. తొమ్మిది.

"పిన్నీ, ముందుకి జరగవా, నీ ముందు బస్సు పట్టేంత ఖాళీ ఉంది."

వెనకావిడ. జరిగాను. పదహారు మంది.

ఇంకో జవాబు ఉంది. ఫిద్దా అంగీకరించిన జవాబు, పచ్చ గుర్తు, ముప్పై ఒక్క మెచ్చుకోళ్ళు. ప్రకృతి స్నేహితుడు అని పేరు పెట్టుకున్నవాడు రాశాడు. ఖాళీ కడుపులోకి చలి దూరడం వల్ల ఇలా అవుతుంది, సేజ్ ఆకు టీ తాగండి, గదిలోకి గాలి రాకుండా తలుపు కింద, కిటికీ చుట్టూ గుడ్డలు కుక్కండి, గదిని ఇంకా వెచ్చగా ఉంచి పడుకోండి. నిన్న అది ఒక ముద్దలా ఉండేది, చుక్కా కామా లేకుండా. పొద్దున వరసలో నాకే వచ్చింది. పాపం, మనసు పెట్టి రాశాడు, కాస్త సర్దితే బావుంటుంది అనుకున్నాను. నేనే దాన్ని ఐదు అంశాలుగా విడగొట్టాను. నేనే అంకెలు వేశాను. పైన పెద్ద అక్షరాల్లో ఒక శీర్షిక పెట్టాను. జవాబు తప్పా ఒప్పా చూడటం మన పని కాదు, జవాబులా ఉందా లేదా అన్నదే మన పని. ఈ మాట నాలాగే కాపలా కాసే ఘస్సాన్‌కి నేర్పాను, ఆయన ఇంకో ముగ్గురికి నేర్పాడు. గుడ్డలు కుక్కమన్నది నాలుగో అంశం. నాలుగు అనే అంకె నాది.

ప్రశ్న కింద ఫిద్దా ఇవాళ సాయంత్రం ఐదూ పదికి కొత్తగా చేర్చింది. మీరు చెప్పినట్టు తలుపుకీ కిటికీకీ తువ్వాళ్ళు కుక్కాం. గది ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉంది. అమ్మా చెల్లీ పడుకున్నారు, నాకూ నిద్ర వస్తోంది, అజాన్‌కి అలారం పెట్టాను. జవాబు రాసినవారికీ దాన్ని అంత చక్కగా సర్దినవారికీ ఇఫ్తార్ వేళ దువా చేస్తాను.

ఇప్పుడు ఐదూ నలభై ఎనిమిది.

కింద రాయబోయాను. రాయడానికి గడి లేదు. ప్రశ్న మూసి ఉంది. వైద్యం ప్రశ్నలకి జవాబులు వచ్చి చేరితే ప్రమాదం అని, ఒక జవాబు అంగీకరించగానే దానంతట అదే మూసుకుపోవాలని, కొత్త జవాబూ వ్యాఖ్యా పడకూడదని రెండేళ్ళు వాదించి సాధించిన నియమం అది. ఎవరు వాదించారో చెప్పక్కర్లేదు. మూసిన ప్రశ్నని తెరవాలంటే సైట్ నడిపేవాళ్ళే తెరవాలి, వాళ్ళకి ఉత్తరం రాయాలి, రాశాను, రెండు పనిదినాల్లో చూస్తామని ఆ క్షణంలోనే జవాబు వచ్చింది, ఎంతో మర్యాదగా. సభ్యులు ఒకరికొకరు విడిగా రాసుకునే వీలు మా దగ్గర లేదు, ఆడపిల్లల్ని వేధిస్తున్నారని అదీ తీయించేశాం. నేను కట్టిన ఇంట్లో ఒక్క తలుపు దొరకడం లేదు నాకు. అప్పుడు తట్టింది, జవాబునే మార్చొచ్చు, సర్దే హక్కు ఉందిగా. ప్రకృతి స్నేహితుడి జవాబు తెరిచి, నేను పెట్టిన శీర్షిక మీద రాశాను: ఫిద్దా, సోబా ఆర్పు, కిటికీ తీయి, అమ్మనీ చెల్లినీ బయటికి తీసుకురా, ఇప్పుడే. నాలుగో అంశం కొట్టేశాను. రెండుసార్లు తప్పు పడింది. భద్రపరిచాను.  తొంభై సెకన్లు కాలేదు, జవాబు పాత రూపానికి వెళ్ళిపోయింది. కారణం: రాసినవారి ఉద్దేశాన్ని మార్చకూడదు. చేసినవారు: ఘస్సాన్, ఊరు ఇర్బిద్.

మళ్ళీ మార్చాను. మళ్ళీ తిప్పేశాడు. ఇద్దరు రెండుసార్లు ఒకరిది ఒకరు తిప్పేస్తే ఆ జవాబు ఒక రోజంతా తాళం పడుతుంది. పడింది. నియమాలన్నీ ఎంత చక్కగా పనిచేస్తున్నాయో.

అత్యవసర నంబర్‌కి చేశాను. కుర్రాడి గొంతు, అలసిపోయి ఉన్నా ఓపికగా ఉంది, పెద్దదాన్నని గొంతులోనే పట్టి మర్యాదగా హాజ్జా అన్నాడు.

"ఇంటి గుర్తులు చెప్పండి హాజ్జా."

"మేడ మీద గది. సోబా ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు."

"ఏ పేట?"

"తెలీదు నాయనా."

"ఏ ఊరో చెప్పండి, పేట మేం కనుక్కుంటాం."

ఏ ఊరు. మా అమ్మాన్ అని నోటిదాకా వచ్చింది. ఎందుకు అమ్మాన్? సోబా అంది కాబట్టా? సోబా అనేది మేమొక్కళ్ళమేనా, డమాస్కస్‌లో అంటారు, నాబ్లస్‌లో అంటారు, చలికి వణికే మా వైపు ఊళ్ళన్నిటిలో అంటారు. అజాన్‌కి లేస్తాను అంది, ఏ ఊరి అజాన్? ఇక్కడిదాని కన్నా ముందా వెనకా?

"ఏ దేశమో కూడా తెలీదు" అన్నాను. "ఒక సైట్‌లో రాసింది."

 ఆ కుర్రాడు నెమ్మదిగా, "హాజ్జా, ఆ సైట్‌లో మీరు ఆమెకి జవాబు రాయలేరా?" అన్నాడు.

ఎవరైనా అడిగే మాటే. నేనెవరు ఆ సైట్‌లో అని అడగలేదు, అడిగి ఉంటే చెప్పేదాన్నేమో.

తొమ్మిది మంది. వెనకావిడ నా మోచెయ్యి పట్టుకుంది. "పిన్నీ, మొహం తెల్లగా అయిపోయింది, చక్కెర పడిపోయిందా? ఉపవాసం విడిచెయ్, దేవుడు క్షమిస్తాడు. నా సంచిలో ఖర్జూరాలున్నాయి." ఉపవాసం కాదమ్మా అన్నాను. అందరం అదే అనుకుంటాం. తలనొప్పి, ఉపవాసం. కళ్ళు తిరిగాయా, ఉపవాసం. ఫిద్దా వాళ్ళమ్మ కూడా అదే అనుకుని ఉంటుంది, సోబా దగ్గరగా జరిగి, కాళ్ళు చాపుకుని, వేడి మోకాళ్ళలోకి ఎక్కుతుంటే హాయిగా, పిల్ల తలుపు కింద తువ్వాలు నొక్కి కుక్కుతుంటే అటు మూల కూడా నొక్కవే అని చెప్పి ఉంటుంది. నేను ఆ గదిని చూస్తున్నాను. ఎన్నడూ చూడని గది, అయినా దాని నేల మీద పరిచిన పరుపుల రంగు కూడా తెలుస్తోంది, బూడిద రంగు మీద ఎర్ర చారలు, అవి మా ఇంట్లోవి కదా, మా పరుపులు తీసుకెళ్ళి వాళ్ళ గదిలో పరిచాను. కిటికీ అద్దం మీద ఆవిరి. దాని మీద ఎవరూ వేలితో ఏమీ రాయలేదు. మంట పసుపుగా ఉంది, నీలం కాదు.

ఘస్సాన్ ఫోన్ ఎత్తడం లేదు. రెండు, మూడు, నాలుగుసార్లు. భూమి సర్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, కొలత తప్పితే నిద్రపట్టదు. ఇఫ్తార్ ముందు పిల్లల మధ్య కూర్చుని వరస ఖాళీ చేస్తుంటాడు, నాలాగే. ఐదోసారి ఎత్తాడు.

"టీచర్, కోపం తెచ్చుకోకండి. మీరే కదా చెప్పారు, తిప్పేయాలంటే ఎవరు మార్చారని చూడొద్దని."

"ప్రశ్న చదివారా?"

"ప్రశ్న ఎందుకు?"

"చదవండి. ఫోన్ పెట్టకుండా చదవండి."

ఆయన చదువుతున్నట్టు ఊపిరి వినబడింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఆడమనిషి నిమ్మకాయ ఎక్కడ పెట్టావని అడుగుతోంది. 

"యా అల్లా" అన్నాడు మెల్లగా. "తాళం వేయించాను."

"ఇద్దరం వేయించాం. గ్యాస్ బండాయన జవాబు ఉంది, పొద్దున తీసేసింది. తిరిగి పెట్టడానికి మూడు ఓట్లు. నాది వేశాను."

"వేస్తున్నాను. వేశాను. మూడోది ఎవరు టీచర్? ఈ వేళప్పుడు ఎవరుంటారు?"

ఆ హక్కు ఉన్నవాళ్ళం మొత్తం పదకొండు మందిమి. అందరూ పొయ్యిల దగ్గరో బస్సుల్లోనో ఉంటారు. మా ఫోన్ గుంపులో రాశాను, ఒక్కరూ చూడలేదు. మూసిన తలుపుల మధ్య ఇంకో దారి గుర్తొచ్చింది, కొత్త ప్రశ్న వేయొచ్చు, ఎవరైనా వేయొచ్చు. వేశాను: ఫిద్దా, ఇది చూస్తే సోబా ఆర్పి బయటికి రా. ముందు పేజీలో కనబడింది, నా కళ్ళతో చూశాను, నా మాట అక్కడ మెరిసింది, కేకు బొమ్మ ఉన్న ఇంకో ప్రశ్నకీ టైరు పంక్చర్ ప్రశ్నకీ మధ్య. నిమిషం కూడా లేదు. ఇది ప్రశ్న కాదు. తీసేసినవారు: లఖ్దర్, ఊరు ఓరాన్.

నవ్వొచ్చింది. నిజంగా. వెనకావిడ నన్ను చూసి ఖర్జూరాల సంచి గట్టిగా పట్టుకుంది. ఆ పదకొండు మందిలో ఒకడైన లఖ్దర్ మేలుకుని ఉన్నాడు. ఓరాన్ ఉన్న అల్జీరియా గడియారం మాకన్నా రెండు గంటలు వెనక, వాళ్ళకి ఇంకా సాయంత్రమే కాలేదు, పుస్తకాల కొట్టులో గల్లా దగ్గర కూర్చుని ఆకలి మర్చిపోవడానికి చెత్త ఏరుతున్నాడు. ఫోన్ చేశాను.

"నజ్వా అక్కా, నువ్వేనా అది రాసింది? ఉపవాసం తలకెక్కిందనుకున్నా. ఏడేళ్ళలో నీ చెత్త నేను తీయడం ఇదే మొదటిసారి, చట్రం కట్టించి గోడకి పెట్టుకుంటా."

"పెట్టుకో. ముందు ఒక ఓటు వెయ్యి."

"ఎక్కడ?"

చెప్పాను. ఆగి ఆగి చెప్పాను, ఎందుకంటే వరస కదిలింది, ఇద్దరే ఉన్నారు నా ముందు. లఖ్దర్ చదివాడు. వాళ్ళ ఊళ్ళో సోబాలు తక్కువ, అయినా గ్యాస్ హీటర్లు ఉన్నాయి, అతనికి ఒక్క నిమిషం పట్టలేదు. ఓటు ఎక్కడ వేయాలో వెతుకుతున్నా అన్నాడు. జోకులు ఆగిన లఖ్దర్‌ని ఎప్పుడూ వినలేదు నేను.

"ఎన్ని కిలోలు హాజ్జా?" కొట్టువాడు.

"ఒకటి."

"పెద్దవా చిన్నవా?"

అజాన్ మొదలైంది. కొండ మీది మసీదు ముందు, తర్వాత పక్కది, తర్వాత కింద లోయలోది, ఒకదాని వెనక ఒకటి. వెనకావిడ నా నోట్లో ఖర్జూరం పెట్టేసింది, అడగలేదు. వరసలో మిగిలినవాళ్ళు ఉన్నచోటే నీళ్ళ సీసాలు తెరిచారు. నేను నమలడం మర్చిపోయి ఫోన్ చూస్తున్నాను. ఎక్కడో ఒక అలారం మోగుతుంది ఇప్పుడు. లేదా మోగి ఉంటుంది. లేదా ఇంకో ఐదు నిమిషాల్లో. తువ్వాళ్ళు కుక్కిన గదిలో చిన్న ఫోన్ నేల మీద కంపిస్తూ పక్కకి పక్కకి జరుగుతూ ఉంటుంది. చేయి వస్తే చాలు, చేయి వచ్చి దాన్ని పట్టుకుంటే, లేచిన మనిషి ముందు సమయం చూస్తుంది, తర్వాత నీళ్ళు తాగుతుంది, తర్వాత ఎప్పుడో మా పేజీ తెరుస్తుంది. తెరుస్తుందా? దువా చేస్తానంది కదా, మా పేర్లు గుర్తుచేసుకోవడానికైనా.

మూడో ఓటు పడింది. ఫవ్వాజ్ జవాబు తిరిగి వచ్చింది. పేజీలో అడుగున, పచ్చ గుర్తున్న ఐదు అంశాల కింద, సున్నా మెచ్చుకోళ్ళతో. సోబా ఆర్పండి. కిటికీ తీయండి. అందరూ బయటికి రండి. దాని కింద నా వాక్యం ఇంకా అంటుకునే ఉంది. ఓరాన్ నుంచి లఖ్దర్ గుంపులో అడిగాడు, "ఆవిడ చూసిందో లేదో ఎలా తెలుస్తుంది?" తెలియడానికి ఏమీ లేదు. చదివారు అనే గుర్తు మా దగ్గర లేదు. ఉన్నదల్లా పేజీ మూలన ఒక అంకె, ఎన్నిసార్లు తెరిచారో. అరవై ఒకటి. నేను మళ్ళీ తెరిచాను, అరవై రెండు. ఘస్సాన్ చూశానని చెప్పాడు, అరవై మూడు. లఖ్దర్, అరవై నాలుగు. మనమే దాన్ని పెంచుతున్నాం. ఆపండి అన్నాను ఇద్దరికీ. ఎవరూ తెరవకండి. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోవద్దు, పది నిమిషాల తర్వాత నేనొక్కదాన్నే తెరుస్తాను, అరవై ఐదు ఉంటే అది నేను. అరవై ఆరు ఉంటే ఇంకెవరో.

సరే అన్నారు.

వీధి ఖాళీ అయిపోయింది. కాగితం సంచిలో అట్లు వేడిగా ఉన్నాయి, చేతులు కాలుతున్నా పట్టుకున్నాను. మెట్ల దారిలో సగం ఎక్కి కూర్చున్నాను. ప్రతి కిటికీలోనూ దీపం, చెంచాల చప్పుడు, ఎవరో పిల్లని కేకలేస్తున్నారు. ప్రతి మేడ మీదా ఒక గది ఉంది. ఇన్ని గదులున్నాయని ఎన్నడూ చూడలేదు. ఒక్కొక్క దాని కిటికీ వైపు చూశాను, ఏది నాలుగు వేళ్ళు తెరిచి ఉందో, కింద నుంచి కనబడదు. మా ఆయన ఫోన్ చేశాడు, ఎక్కడున్నావ్, సూప్ వేడి చేశాను రెండోసారి అన్నాడు. సోబా వెలిగించావా అని అడిగాను. వెలిగించా, కిటికీ తీశాలే, వచ్చి తిట్టు అన్నాడు. పెట్టేశాను, ఇంకో మాట అంటే ఏడుస్తానని.

పది నిమిషాలు. తెరిచాను.

అరవై ఆరు.

లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలీదు. ఒకటి నేను. ఇంకొకటి. ఎవరో తెరిచారు, అజాన్ తర్వాత, ఈ పది నిమిషాల్లో, అడుగు దాకా జరిపి చూసి ఉండాలి, మూడే వాక్యాలు, చదవడానికి రెండు సెకన్లు పట్టదు. ఘస్సాన్‌కి చేశాను. వెంటనే ఎత్తాడు.

"అరవై ఆరు" అన్నాను.

 వెనక ఇంటివాళ్ళు అన్నం దగ్గర మాట్లాడుకుంటున్నారు.

"ఘస్సాన్?"

"నేనే, టీచర్" అన్నాడు. "ఆగలేకపోయాను."